మన ఊరి కట్టడాలే మన రేఖాగణితం



వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, సూక్తులు ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ లెక్కల గురించి కూడా నాలుగు మాటలు ఉండాలని మా కోరిక. ఆదివారాల్లో తొమ్మిది, పది తరగతుల వారికి లెక్కలు చెబుతున్నప్పుడు మేము ఒక విషయం గమనించాం. "క్షేత్రమితి" అనే పాఠం పేరు వినగానే సగం ముఖాలు వాడిపోతాయి. సూత్రాలు రాక కాదు. అందరూ బట్టీ పట్టే ఉంటారు. కానీ స్తూపానికి ఏది, శంకువుకు ఏది, ప్రక్కతలానికి ఏది, ఘనపరిమాణానికి ఏది అన్న దగ్గర అన్నీ కలిసిపోతాయి. కంటితో చూడని వస్తువుకు సూత్రం ఎంతకాలం గుర్తుంటుంది?

మనలో చాలామందికి ఇంటి దగ్గర లెక్కలు చెప్పేవారు లేరు. ట్యూషన్లు లేవు. కానీ మన ఇళ్ళల్లో మరొకటి ఉంది. నాన్నో, బాబాయో, మావయ్యో తాపీ పట్టి గోడ కట్టినవారు. అమ్మలు, అత్తలు ఇటుకలు మోసినవారు, మట్టి తవ్వినవారు. పుస్తకంలో ఉన్న ఆకారాలన్నీ ఐనవిల్లి చుట్టుపక్కల నిలబడి ఉన్నాయి. వాటిని నిలబెట్టింది అటువంటి చేతులే. కనుక మేము చెప్పదలచింది ఒక్కటే. ముందు ఆకారాన్ని కట్టడంలో చూడండి, తరువాత చేత్తో కొలవండి, సూత్రం ఆఖరున రాయండి.

1. ట్రంకు పెట్టె, గది

మన ట్రంకు పెట్టె దీర్ఘఘనం. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. వేలు పెట్టి లెక్కించండి. ఇప్పుడు ఆ పెట్టె లోపల కూర్చున్నట్టు ఊహించుకుంటే అదే గది. పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు ఉన్న గదిని తీసుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 22 మీటర్లు, ఎత్తుతో గుణిస్తే 66 చదరపు మీటర్లు. సున్నం వేసేవారికి కావలసిన లెక్క ఇది. అందులోంచి తలుపులు, కిటికీలు తీసేయాలి. గదిలో పట్టే గాలి 6 × 5 × 3 = 90 ఘనపు మీటర్లు. పదిహేనుమంది పడుకుంటే ఒక్కొక్కరికి 6 ఘనపు మీటర్లు వస్తుంది. మీ గదికి మీరే కొలిచి కట్టి చూడండి. వైశాల్యం అంటే పూత, ఘనపరిమాణం అంటే పట్టుదల. ఈ తేడా ఒకసారి మనసుకు ఎక్కితే మళ్ళీ పోదు.

గది మూల లంబకోణంలో ఉందో లేదో మేస్త్రీ ఎలా చూస్తాడు? మూలమట్టం పెడతాడు. పెద్ద పునాదికి అది చాలదు. అప్పుడు మూల నుండి ఒక దారం మీద 3 అడుగులకు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల నడుమ 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టే. 9 + 16 = 25. పైథాగరస్ సిద్ధాంతం అని మనం పదో తరగతిలో రాసేది ఇదే. కర్ణం మీద వర్గం గురించి మన దేశంలో యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన బౌధాయన శుల్బసూత్రంలోనూ ఉంది. అంటే ఇది మొదట కట్టేవాళ్ళ అవసరం, ఆ తరువాతే పరీక్షల ప్రశ్న.

2. పూరిల్లు, చుట్టిల్లు

ఒక తాడు 44 అడుగులు ఉందనుకోండి. దానితో నేల మీద చతురస్రం గీస్తే భుజం 11 అడుగులు, వైశాల్యం 121 చదరపు అడుగులు. అదే తాడుతో వృత్తం గీస్తే వ్యాసార్ధం 7 అడుగులు, వైశాల్యం 154 చదరపు అడుగులు. గోడ కొలత అంతే, కానీ ఇంట్లో చోటు 33 చదరపు అడుగులు పెరిగింది! మన కోస్తాలో పూర్వం చుట్టిళ్ళు కట్టుకున్న పెద్దలకు ఈ లాభం తెలుసు. ఇంకో లాభం గాలికి సంబంధించింది. బల్లపరుపు గోడను గాలి నిలువునా నెడుతుంది. గుండ్రటి గోడ దగ్గర అది పక్కలకు జారిపోతుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడగండి. ఇంటి ఆకారం కాగితం మీది విషయం కాదని వాళ్ళు చెబుతారు.

చుట్టింటి గోడ స్తూపం, పైకప్పు శంకువు. గోడ వ్యాసార్ధం 7 అడుగులు, చూరు ఒక అడుగు బయటికి వస్తే కప్పు వ్యాసార్ధం 8 అడుగులు. చూరు మట్టం నుండి నిట్టాడ కొస 6 అడుగుల ఎత్తులో ఉంటే ఏటవాలు ఎత్తు 10 అడుగులు. (36 + 64 = 100.) వాసం పొడవు ఇదే. కప్పడానికి కావలసిన వైశాల్యం 22/7 × 8 × 10, అంటే సుమారు 251 చదరపు అడుగులు. ఈ సూత్రంలో నిట్టాడ ఎత్తు ఎందుకు రాదు, వాసం పొడవే ఎందుకు వస్తుంది? తాటాకు పరిచేది వాసాల మీద కాబట్టి. శంకువు వక్రతలం అర్థం కావాలంటే వేరుశెనగకాయల పొట్లం విప్పి చూడండి. అది వృత్తంలో ఒక ముక్క, అంటే సెక్టారు అవుతుంది.

3. గూన పెంకు, మండువా లోగిలి

పాత ఇళ్ళ మీది గూన పెంకు చూశారా? కుమ్మరి దాన్ని సారె మీద గుండ్రటి గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి కాలుస్తాడు. అంటే అది సగం స్తూపం. పూర్తి స్తూపానికి వక్రతల వైశాల్యం 2πrh అయితే పెంకుకు πrh. జాగ్రత్తగా చూస్తే ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. పై పెంకు కింది పెంకు మీద ఎక్కి కూర్చోవాలి గనుక అలా చేస్తారు. కాబట్టి నిజానికి అది కొస తెగిన శంకువులో సగం.

మన కోనసీమ మండువా లోగిళ్ళలో నాలుగు వైపుల కప్పూ లోపలి వాకిలి వైపు వాలుతుంది. ఒక్కొక్క వాలు ఒక సమలంబ చతుర్భుజం. పైన పొడవు ఎక్కువ, వాకిలి దగ్గర తక్కువ. లోపలికి నీరు దించే కప్పు నేల మీద 20 చదరపు మీటర్లు ఆక్రమిస్తుందనుకుందాం. 50 మిల్లీమీటర్ల వాన పడితే వాకిట్లోకి వచ్చే నీరు 20 × 0.05 = 1 ఘనపు మీటరు, అంటే 1000 లీటర్లు. వాన లెక్క కూడా దీర్ఘఘనం లెక్కే.

4. గోపురం, పిరమిడ్, స్తూపం

పరీక్షల ముందు మన సిద్ధి వినాయకుని గుడిలో పూజలో పెట్టిన కలాలు విద్యార్థులకు పంచుతారు. ఆ కలాన్ని ఒకసారి లెక్కల కంటితో చూడండి. ఒళ్ళు స్తూపం, మొన శంకువు. గుడి ముందు నిలబడి గోపురం చూడండి. దక్షిణాది గోపురాల్లో ప్రతి అంతస్తూ కింది దానికంటే చిన్నది. మొత్తం కలిపి చూస్తే కొస తెగిన పిరమిడ్. ఈజిప్టులో గిజా పెద్ద పిరమిడ్ కొస దాకా కట్టినది. భుజం సుమారు 230 మీటర్లు, కట్టిననాటి ఎత్తు సుమారు 146 మీటర్లు. ఘనపరిమాణం భూవైశాల్యం × ఎత్తులో మూడో వంతు. వేసి చూస్తే సుమారు 26 లక్షల ఘనపు మీటర్లు వస్తుంది.

ఈ మూడో వంతు ఎక్కడిది? క్రీ.శ. 499లో ఆర్యభటుడు π విలువను 3.1416 అని చెప్పిన మహానుభావుడు. కానీ పిరమిడ్ ఘనపరిమాణానికి ఆయన ఇచ్చిన సూత్రంలో సగం అని ఉంది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతు అని సరిగ్గా చెప్పాడు. మీరు ఒక్క సాయంత్రంలో తేల్చుకోవచ్చు. అట్టతో ఒకే అడుగు, ఒకే ఎత్తు ఉన్న పెట్టె, పిరమిడ్ చేయండి. పిరమిడ్ నిండా బియ్యం పోసి పెట్టెలో వంచండి. మూడు సార్లకు నిండుతుంది.

ఇక్కడ ఒక పేరు గురించి జాగ్రత్త. లెక్కల పుస్తకంలో స్తూపం అంటే గొట్టం ఆకారం. బౌద్ధుల స్తూపం వేరు. కింద పొట్టి స్తూపం, దాని మీద అర్ధగోళం లాంటి అండం. మన మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ గోదావరి ఒడ్డున మహాస్తూపం ఆనవాళ్ళు ఉన్నాయి. దాని పునాది బండి చక్రం ఆకారంలో కనిపిస్తుంది. చక్రం ఆకుల్లా ఉన్న గోడలు వ్యాసార్ధాలు. ఆంధ్రదేశంలో చాలా స్తూపాలు ఇలా ఇటుక ఆకులు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపినవే. ఇటుక ఆదా, బలమూ మిగులుతుంది. వృత్తకేంద్రం, వ్యాసార్ధం, సెక్టారు అన్న మూడు మాటలూ అక్కడ నేల మీదే ఉన్నాయి.

5. గన్నవరం కమానులు

ధవళేశ్వరం ఆనకట్ట 1847 – 1852 నడుమ కాటన్ దొర ఆధ్వర్యంలో కట్టారు. ఆ నీళ్ళు నగరం లంకకు చేరాలంటే వైనతేయ అడ్డు. 1850లలో హేగ్ అనే ఇంజనీరు పి.గన్నవరం దగ్గర నది మీదుగా కాలువనే దాటించాడు. కింద నది, పైన కాలువ. 2000 సంవత్సరంలో పక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది. పాతదానికి 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగులు, మొత్తం పొడవు 2,248 అడుగులు. మధ్య స్తంభం మందం ఎంత? కమానులు 49 × 40 = 1,960. మిగిలింది 288 అడుగులు. 49 కమానుల నడుమ స్తంభాలు 48. కాబట్టి ఒక్కొక్కటి 6 అడుగులు. పైన పడిన బరువును కమాను పక్కలకు తోస్తుంది, స్తంభాలు ఆ తోపును కాస్తాయి.

కమాను వృత్తంలో ఒక చాపం. మేస్త్రీ కిటికీ పైన కమాను కట్టేటప్పుడు ఎక్కడ మేకు కొట్టి దారం తిప్పుతాడు? కిటికీ వెడల్పు 120 సెంటీమీటర్లు, కమాను ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకుందాం. వెడల్పులో సగం 60. (60 × 60 + 20 × 20) ÷ (2 × 20) = 100. వ్యాసార్ధం ఒక మీటరు. కమాను నడినెత్తి నుండి కిందికి ఒక మీటరు దూరంలో మేకు కొట్టాలి. హేగ్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ 49 కమానులకు ఇటుక అందించి, సున్నం కలిపినవాళ్ళ పేర్లు లేవు. వాళ్ళ లెక్క మాత్రం నిలిచింది.

6. గట్టు, గొయ్యి, కూలి

ఏటిగట్టును అడ్డంగా కోసినట్టు ఊహిస్తే సమలంబ చతుర్భుజం. పైన 6 మీటర్లు, అడుగున 22 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు అయితే కోత వైశాల్యం (6 + 22) ÷ 2 × 4 = 56 చదరపు మీటర్లు. నూరు మీటర్ల గట్టుకు 5,600 ఘనపు మీటర్ల మట్టి.

ఈ లెక్క మన ఇళ్ళకు ఎందుకు కావాలో చెప్పి ముగిస్తాం. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద మట్టి పనికి కూలి గోతి కొలతను బట్టి కట్టారు. ఒక జట్టు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే 12 ఘనపు మీటర్లు. లోతు పది సెంటీమీటర్లు తక్కువగా రాస్తే 9.6 అవుతుంది. టేపు మీద పది సెంటీమీటర్ల తేడా, కూలిలో అయిదో వంతు! ఏ పనిలోనైనా, ఎవరు కొలిచినా, పక్కన మన ఇంటి పిల్లవాడో పిల్లో నిలబడి "ఒకసారి మళ్ళీ కొలవండి సార్" అని మర్యాదగా అనగలిగితే ఆ చదువు ఇంటికి చేరినట్టే.

కనుక ఈ సెలవుల్లో ఒక టేపు, ఒక దారం, ఒక నోటు పుస్తకం పట్టుకోండి. మీ ఊరిలో పది కట్టడాలు ఎంచుకోండి. ఒక్కొక్క పేజీలో బొమ్మ, కొలతలు, ఆకారం పేరు, ఆఖరున సూత్రం రాయండి. నుయ్యిని మరచిపోవద్దు. వర లోపలి వ్యాసం 1.4 మీటర్లు, నీటి లోతు 2 మీటర్లు అయితే ఎన్ని లీటర్లో మీరే కట్టండి. జవాబు 3,080 రావాలి. కట్టిన మేస్త్రీ ఊళ్ళోనే ఉంటే ఆయన దగ్గర కూర్చుని ఎలా కొలిచాడో అడగండి. ఆయనకు సూత్రం పేరు తెలియకపోవచ్చు, మీకు తాపీ పట్టడం తెలియకపోవచ్చు. ఇద్దరూ కలిస్తే పాఠం పూర్తవుతుంది.

మీ అందరికీ పరీక్షల్లో విజయం చేకూరాలని కోరుకుంటూ,

మీ అన్నలు, అక్కలు