పెట్రోలు ఖర్చును కిలోల్లో లెక్క కట్టండి

తెల్లవారుజామునే లేచి వంకాయలో, బెండకాయలో కోసి, సంచుల్లో సర్ది, మోపెడ్ మీద కట్టుకుని పట్నం బయల్దేరే రైతు ముందుగా ఆగేది పెట్రోలు బంకు దగ్గర. సరుకు ఇంకా అమ్ముడుపోలేదు, జేబులోంచి వంద నోటు అప్పుడే పోయింది. ఇది రోజూ జరిగేదే కాబట్టి చాలామంది దీన్ని సాగు ఖర్చు కింద రాసుకోరు. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీ అన్నీ లెక్కలో ఉంటాయి. పెట్రోలు మాత్రం ‘చిల్లర ఖర్చు’ కింద పోతుంది. ఆ చిల్లర ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందో ఈ వారం పాఠంలో చూద్దాం.

ధర పెరిగితే దెబ్బ ఎవరికి?

డీజిలు ధర పెరిగితే లారీ యజమాని కిరాయి పెంచుతాడు. ఆ కిరాయిని దుకాణదారు సరుకు ధరలో కలుపుతాడు. మరి రైతు ఎవరి మీద వేయాలి? మార్కెట్లో ధర చెప్పేది రైతు కాదు. ‘పెట్రోలు పెరిగింది, కిలోకు రూపాయి ఎక్కువివ్వండి’ అంటే వినేవాడు లేడు. పెరిగిన ప్రతి రూపాయీ రైతు మిగులులోంచే పోతుంది. అందుకే ఈ విషయంలో మిగతావాళ్లకంటే రైతే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

‘కొన్నాళ్లు ఓపిక పడితే ధర తగ్గుతుందిలే’ అనుకోవటం కూడా మంచిది కాదు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశాల నుంచే వస్తుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినా, 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైనా ఆ సెగ మన ఊరి బంకు దాకా వచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే.

పోనీ అక్కడ తగ్గితే ఇక్కడ తగ్గుతుందా అంటే, అదీ నమ్మకం లేదు. 2020లో కరోనా వల్ల ముడి చమురు ధర పడిపోయింది. అదే ఏడాది మే నెలలో కేంద్రం పన్నును లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు పెంచింది. తర్వాత 2021 నవంబరులో, 2022 మే నెలలో కొంత తగ్గించారు. దీనికి తోడు రాష్ట్రాల పన్ను వేరే ఉంటుంది. ఇవేవీ మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి రెండే: బండి ఎన్ని కిలోమీటర్లు తిరగాలి, లీటరుకు ఎంత దూరం పోవాలి.

ముందు లెక్క నేర్చుకుందాం

లెక్క తేలిగ్గా ఉండటానికి లీటరు 100 రూపాయలు అనుకుందాం. మీ బంకులో ధర ఎంతుంటే అంత వేసుకోండి.

మీ ఊరు పట్నానికి 18 కిలోమీటర్లు. రానూపోనూ 36. బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే ఒక ట్రిప్పుకు 80 రూపాయల పెట్రోలు పడుతుంది. ఆ ట్రిప్పులో 40 కిలోల సరుకు తీసుకెళ్తే కిలోకు పడేది 2 రూపాయలు. 16 కిలోలే తీసుకెళ్తే కిలోకు 5 రూపాయలు. బండి అదే, దారి అదే, బంకు ధర అదే. కిలోకు 3 రూపాయల తేడా వచ్చింది. టమాటా కిలో 8 రూపాయలకు పడిపోయిన రోజున ఈ 3 రూపాయలు ఎంత పెద్దవో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అదే బండి మైలేజీ 45 నుంచి 36కు పడిపోయిందనుకోండి. ట్రిప్పుకు సరిగ్గా లీటరు, అంటే 100 రూపాయలు. వారానికి రెండుసార్లు మార్కెట్‌కు, ఇంకోసారి ఎరువుల కొట్టుకో బ్యాంకుకో వెళ్తే 300. బండిని బాగుచేయించి, మూడో ట్రిప్పు పనిని మార్కెట్ రోజునే చూసుకుంటే రెండు ట్రిప్పులకు 160 చాలు. వారానికి 140 రూపాయలు మిగులు. 52 వారాలకు 7,280 రూపాయలు. ఇదీ మన ‘చిల్లర’!

మైలేజీ ఎంతిస్తుందో ఇలా చూడండి

చాలామంది ‘మా బండి యాభై ఇస్తది’ అని కొన్ననాటి మాటే చెబుతారు. ఒకసారి టాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. నాలుగైదు రోజులు తిరిగాక మళ్లీ నిండా పోయించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో, అన్నింటితో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే మైలేజీ వస్తుంది. మీటరు పనిచేయకపోతే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు ఉండనే ఉన్నాయి. నెలకోసారి ఇలా చూస్తే బండికి జబ్బు వచ్చిన వెంటనే తెలుస్తుంది.

బంకులో పోయించుకునేటప్పుడు మిషను సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. కొలత మీద అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది. ఆ పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి.

బండికి చేయాల్సిన సేవలు

గాలి: టైర్లలో గాలి తగ్గితే బండి బరువుగా నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించండి. ఎంత ఉండాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వేలితో నొక్కి చూస్తే తెలియదు.

ఎయిర్ ఫిల్టరు: మట్టి రోడ్డు మీద, కోతల రోజుల్లో దుమ్ము పట్టి తొందరగా మూసుకుపోతుంది. ఊపిరాడని మనిషి బరువు మోయలేనట్టే ఇంజనూ మోయలేదు. పట్నం బండ్లకు చెప్పిన గడువుకంటే ముందే శుభ్రం చేయించండి.

బ్రేకు, చెయిను: బండిని స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. సులువుగా తిరగాలి. పట్టేసినట్టుంటే బ్రేకు రాసుకుంటున్నట్టు. చెయిన్ ఉన్న బండికి తుప్పు పట్టకుండా ఆయిలు పెడుతుండాలి. మరీ బిగుతుగానూ వద్దు, వదులుగానూ వద్దు.

నడపటం: ఒక్కసారిగా యాక్సిలేటరు తిప్పటం, క్లచ్ సగం నొక్కి నడపటం, చోక్ వేసి మర్చిపోవటం పెట్రోలుకు చేటు. 40, 50 కిలోమీటర్ల వేగంలో నిలకడగా పోండి. రైలు గేటు దగ్గరా, కాటా దగ్గర వరుసలోనూ ఇంజను ఆపేయండి. పల్లం దిగేటప్పుడు మాత్రం ఆపవద్దు. పెట్రోలు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

నీరు: ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. మన చెరకు మడ్డి నుంచీ, మొక్కజొన్న, నూకల నుంచీ తీసేదే అది. పెట్రోలుతో పోలిస్తే దానికి శక్తి కొంచెం తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గవచ్చు. పైగా అది నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. వానలో టాంకు మూత సరిగా బిగించండి. సీసాల్లో, డబ్బాల్లో రోజుల తరబడి నిలవ ఉంచకండి. చవకని కిరోసిన్ కలిపితే మిగిలేది ఇంజను బోరు ఖర్చే.

కలిసి పోతే కలదు లాభం

పాలు పోసే ఆరిళ్లను తీసుకుందాం. పాల కేంద్రం 3 కిలోమీటర్లు. పొద్దున, సాయంత్రం ఒక్కో బండి 12 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆరు బండ్లకు కలిపి రోజుకు 72. వంతులు వేసుకుని రోజుకొకరు అందరి క్యాన్లూ తీసుకెళ్తే 12 చాలు. ఇంటికి నెలకు 660 రూపాయలకు పైగా మిగులుతుంది. అయితే ఎవరి క్యాను మీద వారి పేరుండాలి. ఎవరి పాలకు వారి వెన్న శాతం విడిగా తీయించాలి. పాలు కలిపారా, తగాదా కూడా కలిపినట్టే.

కూరగాయలు ఎక్కువగా ఉన్నప్పుడు నలుగురైదుగురు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. కిరాయి 600 రూపాయలై, సరుకు 400 కిలోలుంటే కిలోకు రూపాయిన్నర. ఇందాక మోపెడ్ మీద 2 రూపాయలు పడింది కదా! సరుకుతోపాటు మనుషులు ఎక్కి కూర్చోవటం మాత్రం ప్రమాదం. అమ్మేందుకు ఒకరో ఇద్దరో బస్సులో వెళ్లవచ్చు.

బస్సు అంటే గుర్తొచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. బ్యాంకు పనికో, ఆఫీసు పనికో ఇంటి ఆడవాళ్లు గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్తే బండి తీసే పనే ఉండదు. పాసుపుస్తకం ఆమె పేరున ఉంటే ఇంకా మంచిది. ఎవరు వెళ్లినా ముందుగా ఒక ఫోను కొట్టండి. ‘యూరియా రాలేదు, రేపు రా’ అన్న మాట వినటానికి 36 కిలోమీటర్లు తిరగక్కర్లేదు.

ట్రాక్టరు లెక్క ఎకరాల్లో

సొంత ట్రాక్టరు లేకపోయినా డీజిలు ధర మీ మీదే పడుతుంది. గంటల లెక్కన మాట్లాడుకుంటే నిమిషం నిమిషం మీ డబ్బే. ట్రాక్టరు వచ్చాక గట్టు తెంచటం, రాళ్లు ఏరటం, హద్దు గురించి వాదులాడటం వద్దు. ఖాళీగా నిలబడి తిరిగే ఇంజను కూడా గంటకు లీటరుకు అటూఇటూగా తాగుతుంది.

దున్నే దిశ కూడా చూసుకోండి. 121 గజాల పొడవు, 40 గజాల వెడల్పు ఉన్న చేను సరిగ్గా ఎకరం. కల్టివేటర్ ఒక విడతకు 2 గజాలు దున్నుతుందనుకుందాం. పొడవునా దున్నితే 20 విడతలు, అడ్డంగా దున్నితే 60కి పైగా. ప్రతి మలుపులోనూ డీజిలు కాలుతుంది, పని జరగదు. అయితే చేను వాలుగా ఉంటే మలుపులు ఎక్కువైనా వాలుకు అడ్డంగానే దున్నాలి. డీజిలు మళ్లీ కొనుక్కోవచ్చు, కొట్టుకుపోయిన పైమట్టిని కొనలేం.

ఎండిపోయి గట్టిపడిన నేలకంటే పదునులో ఉన్న నేల తక్కువ డీజిలుతో దున్నుడవుతుంది. పక్క పక్క చేల వాళ్లు ఒకే రోజు దున్నించుకుంటే ట్రాక్టరు ఖాళీగా తిరిగే దూరం తగ్గుతుంది. కిరాయి తగ్గించమని అడగటానికి నోరూ వస్తుంది.

టాంకు, పైపుల దగ్గర కారుతుంటే గుడ్డ చుట్టి వదిలేయకండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకో చుక్క చొప్పున రోజుకు 4 లీటర్లకు పైగా నేలపాలవుతుంది.

ఈ వారం చేయవలసిన పని

పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. తేదీ, పోయించిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, తీసుకెళ్లిన కిలోలు అని నాలుగు గళ్లు గీయండి. పక్కన కిలోకు ఎంత పడిందో రాయండి. లెక్క రాకపోతే బడికెళ్లే పిల్లల చేత వేయించండి. నెల రోజులు రాస్తే ఏ ట్రిప్పు లాభం తెచ్చిందో, ఏ ట్రిప్పు బంకుకే పనిచేసిందో మీకే తెలిసిపోతుంది. ఆ రెండో రకం ట్రిప్పులు మానేస్తే చాలు. ధర పెరిగిన నెలలో కూడా మీ చేతిలో నాలుగు డబ్బులు నిలుస్తాయి.