మారథాన్ తర్వాత ఒక్క కాలే వాచిందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ముంబయి మారథాన్ పూర్తిచేసి, రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ వచ్చాను. రెండు రోజుల తర్వాత ఎడమ పిక్క వాచి, నొప్పి మొదలైంది. కండరం పట్టేసినట్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కావచ్చు. కానీ కండరాల నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉండి, రోజురోజుకీ తగ్గుతుంది. ఒక్క పిక్కే వాచి, తాకితే వేడిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని చూడాల్సిందే.

42 కిలోమీటర్లు పరిగెత్తినప్పుడు రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గడ్డల్ని కరిగించే ఏర్పాటూ దాంతోపాటే చురుగ్గా పనిచేస్తుంది. పరుగు ఆగాక ఈ రెండోది ముందుగా నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే, చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉండగా, కాళ్లు ముడుచుకుని గంటలకొద్దీ కూర్చుంటే పిక్కల్లో రక్తప్రవాహం మందగిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి, ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య వచ్చినవారికి ముప్పు మరింత ఎక్కువ.

వ్యాయామం చేసేవారికి ఇది రాదనుకోవద్దు. కాలి సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తులకూ చేరొచ్చు. టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ 2011లో ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలతో ఆసుపత్రి పాలయ్యారు.

పిక్కను మర్దనా చేయించకండి, సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి. ఈసారి పోటీ అయ్యాక ఒకరోజు ఆగి బయల్దేరండి. దారిలో వీలైనప్పుడల్లా లేచి నడవండి, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించండి, దాహానికి తగ్గట్టు నీళ్లు తాగండి.

ఇప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ఈరోజే డాక్టర్‌ను కలిసి, కాలికి డాప్లర్ స్కాన్ అవసరమేమో అడగండి. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.