కంపవాతము – ఔషధముల ప్రభావము

మా పరిచయస్థులైన ఒక వృద్ధ కాతిబ్ గారి అక్షరాలు నానాటికీ చిన్నవై, పంక్తి చివరకు చీమల బారువలె కానవచ్చేవి. చూపు మందగించిందని ఇంటివారు తలచారు. అది కంపవాతమని, అనగా పార్కిన్సన్ వ్యాధి అని వైద్యులు తేల్చారు. వణుకును ఉర్దూలో రాషా అంటారు. కాని ఈ వ్యాధిలో వణుకుకంటే చలనమాంద్యమే ఎక్కువ బాధాకరం.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని వర్ణించినా, మూలం చాలాకాలం అంతుపట్టలేదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. (ఇది మన సర్పగంధి వేళ్ళలోని పదార్థమే.) అవి చెవులు వాల్చి చలనరహితమయ్యాయి. లెవొడోపా ఇవ్వగానే తిరిగి మెదిలాయి. 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హార్నికీవిచ్ అనువారు మరణించిన రోగుల మెదళ్ళలో డోపమైన్ కొరతను కనుగొన్నారు.

మరి డోపమైన్‌నే ఇవ్వరాదా? రక్తానికీ మెదడుకూ నడుమనున్న అడ్డును అది దాటలేదు. లెవొడోపా దాటి, లోపల డోపమైన్‌గా మారుతుంది. 1967లో జార్జి కోట్జియాస్ మోతాదును క్రమంగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి సత్ఫలితాలు చూపాడు. మెదడు చేరకమునుపే మారిపోయి వికారం కలిగించకుండా, తరువాత కార్బిడోపాను జతచేశారు.

ఈ మందుకు అవయవాల బిగువు, మాంద్యం బాగా లొంగుతాయి. వణుకు అందరిలో ఒకే తీరుగా లొంగదు. నడకలో తూలు అంతగా తగ్గదు. తొలి సంవత్సరాలలో మిగిలిన నాడీకణాలు డోపమైన్‌ను నిల్వచేసి పొదుపుగా వాడతాయి. అవి నశించేకొద్దీ రోగి చలనం మాత్ర వేళలకు బందీ అవుతుంది. రక్తంలో లెవొడోపా సుమారు గంటన్నరకే సగమవుతుంది. అది తగ్గితే శరీరం బిగుసుకుంటుంది, హెచ్చితే అదుపులేని మెలికలు తిరుగుతుంది. కాతిబ్ గారు పదింటికి చక్కగా వ్రాసి, ఒంటిగంటకు కలమెత్తలేకపోవడాన్ని ఇంటివారు మొండితనమన్నారు. మేమూ అట్లే భావించామని ఒప్పుకొనక తప్పదు.

మాంసం, పప్పు దండిగా గల భోజనంతో మాత్ర వేసుకుంటే, ఆ మాంసకృత్తులు లెవొడోపాతో పోటీపడి దాని ప్రవేశాన్ని తగ్గిస్తాయి. దూలగొండి గింజలలో లెవొడోపా ఉన్నదని 1937లో దామోదరన్, రామస్వామి నిరూపించిన మాట నిజమే. అయితే మాత్రలతోపాటు ఆ పొడిని స్వయంగా తినడం కొలతలేని అదనపు మోతాదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక రుగ్మతలకిచ్చే హాలోపెరిడాల్ డోపమైన్‌ను అడ్డుకొని వ్యాధి లక్షణాలను పెంచుతాయి. లెవొడోపాను హఠాత్తుగా మానితే తీవ్రమైన బిగువుతో, జ్వరంతో ప్రాణాపాయం కలుగవచ్చు.

వైద్యులు వేళలు మార్చి, మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకొమ్మన్నారు. కాతిబ్ గారు మాత్ర పనిచేసే వేళనే ఇప్పుడు కలం పడుతున్నారు.