గాలిలో ఎవరి ధూళి ఎంత?

పానీపూరీ సైజులో గుండ్రటి తెల్లని టెఫ్లాన్ ఫిల్టర్. ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉన్న గదిలో ఒక రోజంతా ఉంచి, మైక్రోగ్రాము తేడా కూడా పట్టే త్రాసులో దాన్ని తూస్తారు. తర్వాత గాలిని లాగే శాంప్లర్‌లో బిగించి మేడమీద పెడితే నిమిషానికి 16.67 లీటర్ల చొప్పున 24 గంటల్లో 24 ఘనపు మీటర్ల గాలి దాని గుండా పోతుంది. తెచ్చి మళ్లీ తూస్తారు. బరువు 1.44 మిల్లీగ్రాములు పెరిగిందంటే ఆ రోజు పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. మన దేశంలో 24 గంటలకు పెట్టిన పరిమితి సరిగ్గా అంతే. ఆ పెరిగిన బరువు ఒక బియ్యపు గింజలో పదో వంతు ఉంటుందో లేదో! పట్టకారుతో కాకుండా చేత్తో ముట్టుకుంటే వేలి జిడ్డే లెక్క తప్పించేస్తుంది.

“పర్యావరణంలో ఉద్యోగాలున్నాయా సార్?” అని అడిగే ఎమ్మెస్సీ విద్యార్థులకు నేను మొదట ఈ ఫిల్టర్ సంగతే చెబుతాను. ఉద్యోగాలున్నాయి. కానీ ఇంత ఓపిక కూడా ఉండాలి.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. మన వెంట్రుక మందం వీటికి ఇరవై రెట్లకు పైనే. అందుకే ముక్కు, గొంతు వీటిని ఆపలేవు, ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. ఏడాది సగటుకు మన పరిమితి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 5కు తగ్గించింది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు, హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు వంటి మన ఊళ్లూ ఉన్నాయి. వాటికి వచ్చే డబ్బు రోడ్లు ఊడ్చే యంత్రాలకు పెట్టాలా, బస్సులకు పెట్టాలా, చెత్త తగలబెట్టకుండా ఆపడానికి పెట్టాలా? ఎంత ధూళి ఉందో మీటరు చెబుతుంది. అది ఎవరిదో చెప్పడానికి మనిషి కావాలి. ఆ మనుషులే మన దగ్గర తక్కువ.

పక్కింట్లో తాలింపు వేస్తే ఇంగువో వెల్లుల్లో ముక్కు చెప్పేస్తుంది. ధూళిలోనూ అలాంటి గుర్తులుంటాయి. సిలికాన్, అల్యూమినియం ఎక్కువుంటే మట్టి. సోడియం, క్లోరిన్ జంటగా కనిపిస్తే సముద్రపు ఉప్పు, విశాఖలో అయితే ఇది తప్పకుండా లెక్కలోకి రావాలి. కట్టెలు, గడ్డి కాలితే లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం మిగులుతుంది. పొటాషియం కూడా అదే చెబుతుంది గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు, అది మట్టిలోనూ ఉంటుంది, బాణసంచాలోనూ ఉంటుంది. మూలకాలను ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్‌తో, సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియంలను అయాన్ క్రోమటోగ్రఫీతో కొలుస్తారు. కార్బన్ కోసం విడిగా క్వార్ట్జ్ ఫిల్టర్ వాడతారు, ఎందుకంటే టెఫ్లాన్‌లోనే కార్బన్ ఉంది.

ఆ తర్వాత గణితం. ఒక్కో వనరు గుర్తులు ముందే తెలిస్తే కెమికల్ మాస్ బ్యాలెన్స్, తెలియకపోతే ఎక్కువ శాంపిళ్లు తీసి పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ వాడతారు. రెండోది చేసే అమెరికా పర్యావరణ సంస్థ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అయితే అది ఇచ్చేది “ఒకటో ఫ్యాక్టర్, రెండో ఫ్యాక్టర్” అనే. దానికి “డీజిల్ పొగ” అని పేరు పెట్టేది మీరు. ఊరు తెలియనివాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 2005–06లో హైదరాబాద్‌లో జరిగిన అధ్యయనానికి పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణం ఎంచుకున్నారు. ట్రాఫిక్ పొగకు పంజాగుట్ట సరే, యూనివర్సిటీ ఎందుకు? ఊరి రద్దీకి దూరంగా గాలి ఎలా ఉందో తెలియకపోతే ఊరు కలిపిందెంతో తేలదు కాబట్టి. ఇంకో చిక్కు: సల్ఫేట్ కణాల్లో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి నేరుగా రావు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ప్రయాణిస్తూ కణాలుగా మారుతుంది. వందల కిలోమీటర్ల అవతలి థర్మల్ కేంద్రం ధూళి మన ఫిల్టర్ మీద పడొచ్చు. మన వీధులు ఎంత ఊడ్చినా అది తగ్గదు.

చదువు విషయానికొస్తే కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీలు, సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ వాళ్లు అందరూ రావచ్చు. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు విడిగా ఉంది. ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా వాళ్లకు నిరంతర పర్యవేక్షణ కేంద్రాల నిర్వహణలో పని దొరుకుతుంది: ధూళి పట్టే టేపు మార్చడం, గాలి లీకు చూడడం, ఫ్లో సరిచూడడం. దీన్ని చిన్న పని అనుకోకండి. అక్కడ తప్పితే పైనున్న శాస్త్రవేత్త రాసేదంతా తప్పే. కాలుష్య నియంత్రణ మండళ్లలో అనలిస్ట్, అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టులుంటాయి, నోటిఫికేషన్లు ఏటా రావు. పరిశోధన కావాలంటే నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ), తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఐఐటీలు. ప్రైవేటులో ల్యాబులు, పర్యావరణ ప్రభావ మదింపు కన్సల్టెన్సీలు. ఉన్నమాట చెప్పాలి: మొదట దొరికేవి ఎక్కువగా ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులే, జీతం తక్కువ. రెండు మూడేళ్లు ఫిల్టర్ చేతపట్టినవాళ్లకు ఆ తర్వాత దారి తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్చినవాళ్లు అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

ల్యాబు దొరికేదాకా ఆగక్కర్లేదు. సనత్‌నగర్, జూపార్క్, విశాఖ, తిరుపతి కేంద్రాల గంట గంట లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అందరికీ ఇస్తోంది. భోగి తెల్లవారుజామున, దానికి ముందు వారం అదే సమయంలో పీఎం 2.5 ఎంతో తీసి పక్కపక్కన గీయండి. పెరిగిందంతా మంటలదేనని వెంటనే రాసేయకండి. జనవరి చలికి గాలి నేలను అంటిపెట్టుకుని కదలదు, మామూలు పొగే రెట్టింపు కనిపించవచ్చు. గాలి వేగం, దిశ, తేమ కూడా అదే కాగితం మీద గీసి, మంటల వాటా ఎంత, వాతావరణం వాటా ఎంత అని నాలుగు వాక్యాలు రాయండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితా పైన ఆ కాగితం పెట్టుకోండి.