మిలోస్లావ్ మెచీరు: ఒక టెన్నిస్ క్రీడాకారుని చరిత్ర

క్రీడాకారుల చరిత్రలను చదువునపుడు మన దృష్టి సాధారణముగా వారు గెలిచిన కప్పుల మీదనే నిలుచును. ఎన్ని గెలిచెను, ఎన్నిమారులు ప్రథముడయ్యెను అను లెక్కలతో మనము తృప్తి పొందుదుము. ఆ లెక్కతో మాత్రమే కొలిచినచో కొందరి గొప్పతనము సగమైనను తెలియదు. అట్టివారిలో స్లొవాకియా దేశీయుడైన మిలోస్లావ్ మెచీరు ఒకడు. టెన్నిస్‌లో మిక్కిలి ఘనమైన నాలుగు గ్రాండ్ స్లామ్ పోటీలలో ఒక్కటియు ఆయన గెలువలేదు. ఇరువదియారు సంవత్సరముల వయస్సుననే ఆటను విడువవలసి వచ్చెను. అయినను ఆయన ఆటను చూచినవారు నేటికిని దానిని తలచుకొనుచున్నారు. ఇందుకు కారణమేమో మా విద్యార్థులు తెలిసికొనవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆటస్థలమును గూర్చి కొంత

మన పాఠశాలలో టెన్నిస్ కోర్టు లేదు. కావున ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పుట యవసరము. ఒంటరి ఆటకు కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 27 అడుగులు. నడుమ కట్టిన వల స్తంభముల యొద్ద మూడున్నర అడుగుల ఎత్తును, మధ్యభాగమున మూడడుగుల ఎత్తును ఉండును. బంతి ఒకమారు నేలను తాకి లేచిన తరువాత రెండవమారు తాకకుండ దానిని వల మీదుగా ఎదుటివాని భాగములోనికి పంపవలెను. సాధారణముగా ఆరు గేములు గెలిచినవానికి ఒక సెట్టు లభించును. కాని ఎదుటివానికంటె రెండు గేములైనను అధికముగా గెలిచి యుండవలెను. పురుషుల పెద్దపోటీలలో అయిదు సెట్లలో మూడు గెలిచినవాడు విజేత.

ఇందులో ఒక గణితాంశము కలదు. ఒక మూల నుండి ఎదుటివాని వైపున ఎదురుమూలకు బంతిని కొట్టితిమనుకొనుడు. 78 వర్గము 6084. 27 వర్గము 729. రెండును కలిపిన 6813. దీని వర్గమూలము సుమారు 82½. అనగా ఏటవాలుగా కొట్టిన బంతికి నిలువుగా కొట్టిన బంతికంటె నాలుగున్నర అడుగుల చోటు అధికముగా దొరకును. అంతేగాక ఆ బంతి వల తక్కువ ఎత్తుగా ఉన్న నడిమిభాగము మీదుగా పోవును. కావున ఏటవాలు దెబ్బ క్షేమమైనది. పక్కగీత వెంబడి నిలువుగా కొట్టు దెబ్బ అపాయకరమైనది. ఐనను అది శీఘ్రముగా చేరుటచే ఎదుటివానికి పరుగెత్తు వ్యవధి తక్కువగును. మెచీరు ఆటలోని మర్మమంతయు ఈ రెండింటిలో దేనిని కొట్టబోవునో చివరి క్షణము వరకు తెలియనీయకుండుటలో ఉండెను.

జననము, ఆటతీరు

మెచీరు 1964 మే 19వ తేదీన బొయ్‌నిత్సె అను పట్టణమున జన్మించెను. పాత కోటకు ప్రసిద్ధి చెందిన ఆ ఊరు నేడు స్లొవాకియాలో ఉన్నది. నాడు చెక్కులును స్లొవాకులును కలిసి చెకొస్లొవేకియా అను ఒకే రాజ్యముగా ఉండిరి. 1993 జనవరి 1వ తేదీన ఆ రాజ్యము శాంతియుతముగా రెండు దేశములయ్యెను. మెచీరు ఆడిన కాలమంతయు పాత రాజ్యపు పతాకము క్రిందనే గడచెను.

ఆ రోజులలో టెన్నిస్ బలప్రదర్శనగా మారుచుండెను. చెక్క రాకెట్లు పోయి, బంతిని అతివేగముగా పంపగల గ్రాఫైటు రాకెట్లు వచ్చెను. మెచీరు మాత్రము చెక్క రాకెట్టును విడువలేదు. ఎదుటివాడెంత బలముగా కొట్టినను ఆ వేగమునే వాడుకొని, బంతిని మెత్తగా అతడు లేని చోటికి పంపుచుండెను. రెండు చేతులతో రాకెట్టును పట్టి ఎడమవైపు నుండి కొట్టు దెబ్బయందు ఆయన నేర్పు ప్రసిద్ధము. ఆరడుగులకు మించిన పొడగరియైనను అడుగుల సవ్వడి వినబడనట్లు కదలుచుండుటచే ఆయనకు ‘పెద్ద పిల్లి’ అను పేరు వచ్చెను. పరుగెత్తుచున్నట్లు కనబడకయే బంతి వచ్చు చోటున ముందుగా నిలుచుట ఆయన విద్య. ఇది కాళ్ల బలము మాత్రమే కాదు; బంతి ఎచ్చటికి రాగలదో ముందుగా ఊహించు బుద్ధిబలము.

పోటీలు

1985లో రాటర్‌డామ్ పోటీని గెలిచి ఆయన పేరు పొందెను. 1986లో అమెరికా ఓపెన్ పోటీలో పదునారవ స్థానపు క్రీడాకారుడుగా ప్రవేశించి, స్వీడన్ దేశపు విలాండర్‌ను, సెమీఫైనలులో జర్మనీకి చెందిన బెకర్‌ను ఓడించి ఫైనలు చేరెను. బెకర్ అప్పటికే రెండుమారులు వింబుల్డన్ విజేత. ఫైనలులో ఇవాన్ లెండిల్ చేతిలో మెచీరు 6–4, 6–2, 6–0 తేడాతో ఓడిపోయెను. ఆ సంవత్సరము ఆ పోటీ స్త్రీపురుషుల ఫైనళ్లలో ఆడిన నలుగురును, అనగా లెండిల్, మెచీరు, మార్టినా నవ్రతిలోవా, హెలెనా సుకోవా, చెకొస్లొవేకియాలో పుట్టినవారే. అంత చిన్న దేశమునకు అది అసాధారణమైన గౌరవము.

1987లో కీ బిస్కేన్ పోటీ ఫైనలులో ఆ లెండిల్‌నే వరుస సెట్లలో ఓడించెను. ఆ సంవత్సరమే డాలస్‌లో జాన్ మెకన్రోను ఓడించి మరియొక గొప్ప పోటీని గెలిచెను. 1988 ఫిబ్రవరిలో ప్రపంచమున నాలుగవ స్థానమునకు వచ్చెను. అదియే ఆయన అందుకొన్న అత్యున్నత స్థానము. ఆ కాలమున టెన్నిస్‌లో స్వీడన్ వారు ప్రబలులు. వారిని తరచుగా ఓడించుటచే స్వీడన్ వారి పాలిట శత్రువని కూడ ఆయనకు పేరు వచ్చెను.

1988 వింబుల్డన్ పోటీని మేము ప్రత్యేకముగా చెప్పదలచితిమి. ఆ సంవత్సరము విలాండర్ మిగిలిన మూడు గ్రాండ్ స్లాములను గెలిచెను. నాలుగింటిని ఒకే సంవత్సరమున గెలుచు మహావకాశమును క్వార్టర్ ఫైనలులో 6–3, 6–1, 6–3 తేడాతో అడ్డుకొన్నవాడు మెచీరే. తరువాత సెమీఫైనలులో స్టెఫాన్ ఎడ్బర్గ్‌తో తలపడి, మొదటి రెండు సెట్లను 6–4, 6–2గా గెలిచెను. ఇక ఒక్క సెట్టు చాలును. కాని ఎడ్బర్గ్ తరువాతి మూడు సెట్లను 6–4, 6–3, 6–4గా గెలిచి, ఆపై ఫైనలును కూడ గెలిచి వింబుల్డన్ విజేతయయ్యెను. చేతికందిన ఫలము జారిపోవుట అనగా ఇదియే.

సియోల్ ఒలింపిక్సు

1924 తరువాత టెన్నిస్‌ను ఒలింపిక్ క్రీడల నుండి తొలగించిరి. నడుమ రెండు పర్యాయములు ప్రదర్శనగా మాత్రము ఆడించి, 1988లో సియోల్ నగరమున మరల పతకముల క్రీడగా చేర్చిరి. అరువదినాలుగు సంవత్సరముల వ్యవధి తరువాత ఆ మొదటి పతకము ఎవరిది కాగలదో అని అందరును ఎదురుచూచిరి.

సెమీఫైనలులో మెచీరునకు ఎదురైనవాడు మరల ఎడ్బర్గే. వింబుల్డన్ ఓటమి జరిగి మూడు నెలలు కూడ కాలేదు. ఈ మారు మూడు సెట్లు ముగియునప్పటికి మెచీరు వెనుకబడి యుండెను: 3–6, 6–0, 1–6. కాని చివరి రెండు సెట్లను 6–4, 6–2గా గెలిచి ఫైనలు చేరెను. వింబుల్డన్‌లో ఎడ్బర్గ్ తనకు చేసినదానిని సియోల్‌లో తాను ఎడ్బర్గ్‌కు చేసెననవచ్చును. ఫైనలులో అమెరికాకు చెందిన టిమ్ మయోట్‌తో మొదటి సెట్టును పోగొట్టుకొని, పిదప 3–6, 6–2, 6–4, 6–2 తేడాతో స్వర్ణపతకమును సాధించెను. మిలన్ ష్రెయిబర్‌తో కలిసి జంటల ఆటలో కాంస్యపతకమును కూడ పొందెను.

వెన్నునొప్పి, విరమణ

1989 జనవరిలో ఆస్ట్రేలియా ఓపెన్ ఫైనలు చేరి, లెండిల్ చేతిలో 6–2, 6–2, 6–2గా ఓడిపోయెను. గ్రాండ్ స్లామ్ ఫైనలులో చెక్క రాకెట్టుతో ఆడినవారిలో ఆయనయే చివరివాడు. ఆ సంవత్సరమే అమెరికాలోని ఇండియన్ వెల్స్ పోటీని గెలిచెను. అప్పటికే వెన్నునొప్పి బాధించుచుండెను. సాధన ఎంతయున్నను, నేర్పు ఎంతయున్నను, వంగి లేచి మెలితిరుగుటకు వెన్నెముక సహకరింపనిచో టెన్నిస్ సాగదు. 1990లో వింబుల్డన్ పోటీ తరువాత ఆయన ఆటను విరమించెను. అప్పటికి ఒంటరి ఆటలో పదునొకండు పోటీలు గెలిచి యుండెను.

ఆటలయందు ఆసక్తి గల మా బాలురకు, బాలికలకు ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. పరుగుపందెమునకు జట్టు నుండి తీసివేయుదురేమో యను భయముతో మోకాలి నొప్పిని, నడుము నొప్పిని ఉపాధ్యాయులకు చెప్పక దాచుకొను పిల్లలను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. నొప్పిని ఓర్చుకొనుట శౌర్యమని వారు తలంచుదురు. ప్రపంచమున నాలుగవ స్థానమందుకొన్నవాడు సైతము వెన్నెముక ముందు తలవంచవలసి వచ్చెను. నొప్పి పుట్టిన నాడే పెద్దలకు చెప్పుడు. ఒక పందెము పోయినను పోవుగాక. ఇంకను ఎన్నో పందెములు మీ ముందు ఉన్నవి.

తరువాతి జీవితము

ఆట విడిచినంత మాత్రమున ఆయన విద్య వ్యర్థము కాలేదు. కరోల్ కుచెరా అను స్లొవాక్ యువకునకు శిక్షణ ఇచ్చెను. గురువు పోలికలు ఉండుటచే అతనిని ‘చిన్న పిల్లి’ అని పిలిచిరి. ఆ కుచెరా 1998లో ఆస్ట్రేలియా ఓపెన్‌లో నాటి ప్రథమ క్రీడాకారుడైన పీట్ సాంప్రాస్‌ను ఓడించి సెమీఫైనలు చేరెను. డేవిస్ కప్పు జట్టుకు మెచీరు నాయకత్వము వహించియుండగా స్లొవాకియా 2005లో మొదటిసారి ఫైనలు చేరి, తన రాజధాని బ్రాటిస్లావాలోనే క్రొయేషియాతో ఆడి, 3–2 తేడాతో ఓడిపోయెను. స్వతంత్రమై పన్నెండేండ్లు మాత్రమే నిండిన దేశము అంతవరకు వచ్చుట అల్పమైన విషయము కాదు.

ఒక్క పరీక్షలోనో, ఒక్క ఆటలోనో ఓడినంతనే సంవత్సరమంతయు వృథాయైనదని దిగులుపడు విద్యార్థులు, జూలై నెలలో వింబుల్డన్‌లో ఓడినవాడు సెప్టెంబరులో సియోల్‌లో ఏమి చేసెనో మరియొకమారు చదువుకొందురుగాక.

అభ్యాసము

1. కోర్టు వెడల్పును 36 అడుగులుగా తీసికొని (ఇది జంటల ఆట వెడల్పు) మూల నుండి ఎదురుమూలకు గల దూరమును కనుగొనుడు.
2. ఏటవాలు దెబ్బ క్షేమమైనదనుటకు రెండు కారణములు వ్రాయుడు.
3. 1988లో ఎడ్బర్గ్‌తో మెచీరు ఆడిన రెండు ఆటలను పోల్చి పది పంక్తులలో వ్రాయుడు.
4. ప్రపంచపటములో స్లొవాకియాను, దాని రాజధానిని, ఆ రాజధాని మీదుగా ప్రవహించు డాన్యూబ్ నదిని గుర్తింపుడు.