తుపాకి గురి – ఒక పరిశీలన

‘తుపాకి’ తుర్కీ భాష నుండి తెలుగులోనికి వచ్చిన మాట. ‘బందూక్’ అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చినది. గొట్టం కొనమీద గురి చూడడానికి అమర్చే చిన్న లోహపు పూసను ఉర్దూలో ‘మక్ఖీ’, అనగా ఈగ, అంటారు.

ఛర్రా తుపాకులలో మనకు పరిచితమైనది పన్నెండు బోరుది. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు గొట్టం కలది కనుక దానికి ఆ పేరు. ఛర్రాలు దూరం పోయినకొద్దీ విచ్చుకుంటాయి. ఎగిరే లక్ష్యానికి ఈ విస్తృతి చాలు. అందుచేత సాధారణంగా దానికి ముందు పూసయే గాని వెనుక గురి ఉండదు. కాల్చేవాని కన్నే వెనుక గురి. కొయ్యకు చెంప ఆనించక తల పైకెత్తితే దెబ్బ ఎత్తుగా పోతుంది.

అడవిపంది విషయంలో ఇది చాలదు. కొండగట్టు ప్రాంతంలో మక్కచేలు కంకి వేసే వేళ రైతుకు పందుల బెడద తెలిసినదే. పంటను పాడుచేసే పందులను అనుమతి గల షూటర్లచే కాల్పించే అధికారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2021లో సర్పంచులకు ఇచ్చింది. పెద్ద జంతువుకు ఒంటిగుండు వాడతారు, అది విచ్చుకోదు. గాయపడిన పంది మనిషిపై తిరగబడుతుంది. తప్పిన గుండు చేని అవతలి కాపరిని తాకవచ్చు.

ఇట్టి పనికి తుపాకిపై వేరుగా గురి సాధనాలు అమరుస్తారు: కాంతిని పట్టి మెరిసే పూస, వెనుక చిన్న వలయం, లేదా అద్దంలో ఎర్రచుక్క చూపే పరికరం. అమర్చే ముందు తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుమార్లు చూడాలి. మరలు వదులైతే ప్రతి పేలుడుకూ గురి కదులుతుంది. తరువాత కాగితపు లక్ష్యంపై పరీక్షించాలి. గుండు కుడికి పోతే వెనుక గురిని ఎడమకు జరపాలి. ముందు పూసనైతే కుడికే జరపాలి. విద్యార్థులకు ఇది వింతగా తోచినా రేఖాగణితం నిరూపించే సత్యం.

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకులను మరమ్మతు చేసే వృత్తికీ, పరీక్షించే వృత్తికీ లైసెన్సు అవసరం. కనుక ఈ పని లైసెన్సు గల పనివానికే అప్పగించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతి లేని వేటను నిషేధించింది.

తెలుగులో ‘గురి’ అంటే లక్ష్యమే కాదు, నమ్మకం కూడా. తుపాకి పట్టినవానిపై ఊరికి గురి కుదరాలంటే, లక్ష్యం వెనుక ఏమున్నదో చూడకుండా అతడు మీట నొక్కరాదు. ఏ పరికరమూ ఆ చూపును ఈయలేదు.