దూడ తొలి యూపిరి

ఈత కష్టమై, గేదె జాముల తరబడి నొప్పులు పడి, తుదకు దూడ నేలబడినపుడు దొడ్డిలో నున్నవారందఱు మొదట చూచునది దాని డొక్కలను. డొక్క యెగిరిన దూడ దక్కినట్లు. ఎగురకున్న పోయినదని చేతులు కడుగుకొందురు. ఆ రెంటి నడుమనుండు కొద్ది నిమిషములలో రైతు చేయదగిన పనియు, మానదగిన పనియు కలదు. అది తెలియుటకు ఊపిరి యెచ్చట పుట్టునో ముందు తెలియవలెను.

గుండెకు కొట్టుకొను శక్తి తనలోనే యున్నది. ఊపిరితిత్తులకు అట్టిది లేదు. కమ్మరి కొలిమితిత్తివలె వానిని నడపువాడు వేఱొకచోట నుండవలెను. ఆ చోటు పెడతలలో, మెదడు వెన్నుపామై దిగు మొదట నున్నది. ఫ్రాన్సుదేశపు వైద్యుడు లెగల్వా 1812లో కుందేలు మెదడును పైనుండి కొంచెముకొంచెముగ తీసివేయుచు, పెద్దమెదడు పోయినను ఊపిరి సాగుటయు, ఈ మొదలు తెగగానే నిలిచిపోవుటయు చూపెను.

1991లో స్మిత్, ఫెల్డ్‌మన్ మొదలగు పండితులు అప్పుడే పుట్టిన యెలుకపిల్లలనుండి యీ భాగపు పలుచని తునక నొకటి తీసి, ఉప్పునీటివంటి ద్రవములో నుంచి ప్రాణవాయువు నందించిరి. తిత్తులు లేవు, రొమ్ము లేదు. ఐనను ఆ తునక తాళము తప్పక నరముల వెంట ఆజ్ఞలు పంపుచుండెను. ఆ చిన్న చోటికి ప్రీబొట్జింగరు అని పేరు. దాని పొరుగు చోటికి ఒక ద్రాక్షసారాయి సీసాపై నున్న పేరు పెట్టగా, దానినిబట్టి దీనికిని వచ్చినది. పండితుల నామకరణము లిట్లుండును!

ఆ తాళము పుట్టు విధము మన సముద్రతీరమున అలివివల లాగుట చూచినవారికి సులభముగ బోధపడును. ముందు ఒకరిద్దరు త్రాడు బిగింతురు, పక్కవారు అందుకొందురు, అందఱు నొక్కమాఱు లాగుదురు, అలసి వదలుదురు, మరల బిగింతురు. కణములును అట్లే. లాగుట లోపలికి పోవు ఊపిరి. వదలుట వెలికి వచ్చునది. నెత్తుట బొగ్గుపులుసు గాలి హెచ్చిన కొలది లాగు వేగము హెచ్చును.

ఇక గర్భములోని సంగతి. 1970 తరువాత ఆక్స్‌ఫర్డులో డాస్ మొదలగువారు గొఱ్ఱెలను పరీక్షించి, పిల్ల కడుపులో నుండగనే ఊపిరి కదలికలను అప్పుడప్పుడు అభ్యసించునని కనుగొనిరి. అప్పుడు తిత్తులనిండ ద్రవమే. ప్రాణవాయువు మావినుండి వచ్చును. ఆ మావియే కొన్ని పదార్థములను పంపి ఆ చోటిని జోకొట్టుచుండును. బొడ్డు తెగగానే ఆ జోల ఆగును, బొగ్గుపులుసు గాలి పెరుగును, చలిగాలి తగులును, తల్లి నాకును. అంతట ఊపిరి యెడతెగక సాగును.

అయితే చిక్కొకటి కలదు. పెద్దపశువునకు ప్రాణవాయువు తగ్గిన ఊపిరి వేగమగును. గర్భములోని పిల్లకు తద్విరుద్ధముగ ఊపిరి కదలికలే ఆగును. అందుచేత ఈత ఆలస్యమైన దూడ నిద్రాణమై పుట్టును. ఈ తొలి ఆగుడులో గుండె కొట్టుకొనుచుండును. కొంచెము కదలించిన దూడ లేచును. అది దాటినచో కొన్ని యెగశ్వాసలు తీసి మరల నిలుచును. ఆ రెండవ ఆగుడులో ఎంత రుద్దినను ఫలము లేదు. తిత్తులలోనికి గాలి నింపినగాని దక్కదు.

ఉద్యోగపు తొలియేండ్లలో నేను ఒక గేదెదూడను వెనుకకాళ్లతో దూలమునకు వ్రేలాడదీయించితిని. నోట జిగట కారుట చూచి సంతోషించితిమి. కారినది చాలవఱకు కడుపులోని ద్రవమేనని తరువాత తెలిసినది. ప్రేగుల బరువంతయు రొమ్మునకు కడుపునకు నడుమనుండు కండపొరపై బడి, ఊపిరి తీయు కండకే కదలిక లేకపోయెను. దూడ దక్కలేదు. ఆ యింటి ముసలమ్మ "పొట్టమీద కూర్చుండబెట్టు నాయనా" అని మొదటనే చెప్పినది, నేను వినలేదు.

ఆమె మాటయే సరియైనది. ముక్కు, నోరు వ్రేళ్లతో తుడిచి, దూడను కాళ్లు మడచి రొమ్ముమీద నిలుపవలెను. అప్పుడు రెండు తిత్తులును తెఱచుకొనును. వరిగడ్డి పోచను ముక్కులో దూర్చి కదలింపుడు. ఆ నరము నేరుగ పెడతలకే వార్త చేర్చును. తలపై చెంబెడు చన్నీళ్లు పోయవచ్చును. ఎండుగడ్డితో వీపు, డొక్కలు గట్టిగ రుద్దవలెను. ఎడమ ముంజేతి వెనుక చేయి పెట్టి గుండె చూడుడు. గుండె యున్నను ఒక నిమిషములో ఊపిరి రాకున్న, గాలి నింపు పరికరముతో నింపవలెను. కష్టపుటీత అని తోచినపుడే పశువైద్యునికి కబురంపిన, ఆ పరికరము వేళకు దొడ్డిలో నుండును. నోటితో ఊదకుడు, ఈసుడురోగము మనుష్యులకును సోకును.

ఊపిరి వచ్చిన పిదప చన్నీళ్లు పోయరాదు. మేల్కొల్పిన చలియే తరువాత చంపును. ముఖ్యముగ కార్తిక మార్గశిరముల ముసురులో దూడను పొడిగ తుడిచి, గోనెపట్టా కప్పి, తల్లియొద్ద విడిచి, త్వరగా జున్నుపాలు త్రాగింపుడు.